ఎర్రబడ్డ పప్పు

కామారెడ్డిలో ఫ్యాను కింద కూర్చుని ఆ నీలం డబ్బాలను ఊర్ల మీదికి తోలినవాళ్ళారా, ఇది మీ మీద వేస్తున్న నేరం. బడిపిల్లల తిండిని పరీక్ష చేయమన్నారు. మంచిదే. పప్పులో మాంసకృత్తులున్నాయా, బువ్వలో పిండి పదార్థముందా, కూరలో కొవ్వుందా, రంగు చూసి చెప్పమన్నారు. అదీ మంచిదే. కానీ ఆ డబ్బాలో సీసాలు సర్దిన చేతులు ఒక్కనాడు కూడా పొయ్యి మీద పప్పు పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ శుక్రవారం సాలవ్వకు ఆ గతి పట్టేది కాదు. తనిఖీకి వచ్చిన దివాకర్ సారుకు నలుగురిలో దిష్టి తీసే అవసరమూ వచ్చేది కాదు.

లింగంపేట నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వలో రోడ్డు దిగి, మక్కచేన్ల నడుమ కొంచెం దూరం పోతే బూరుగుగడ్డ వస్తుంది. అక్కడి బడిలో పగటి బువ్వ వండేది సాలవ్వ. ఆమెకు సాయం పెద్దవ్వ. సాలవ్వ ఆదివారం చర్చికి పోతుంది. పెద్దవ్వ పోచమ్మ గద్దె ముందు నీళ్ళారబోస్తుంది. పొయ్యి దగ్గరికి వచ్చాక మాత్రం ఇద్దరిదీ ఒకటే మతం. పప్పు పలచగా చేస్తే పాపం. ఆ మతంలో అంతకు మించి సూత్రాల్లేవు.

సాలవ్వ పప్పు ఎంత గట్టిగా ఉంటుందంటే, గరిటె నిలబడుతుందని పిల్లలు పందాలు కాసేవాళ్ళు. ఆమె మొగడు యాకూబుకు దాని మీద పెద్ద ఫిర్యాదే ఉంది. ఇంట్లో పప్పు నీళ్ళలా ఉంటుందనీ, బడి పప్పు మాత్రం లడ్డూలా ఉంటుందనీ, ఇక తను కూడా రెండో తరగతిలో పేరు రాయించుకుంటాననీ కనబడినవాళ్ళకల్లా చెప్పేవాడు. పెండ్లి చేసుకుని వేరే ఊరికి పోయిన ఆడపిల్లలు తల్లిగారింటికి వస్తే మొదట బడి వెనక్కి వచ్చేవాళ్ళు. చంకలో పిల్లను పెట్టుకుని వంటగది కిటికీలోంచి గిన్నె లోపలికి చాపేవాళ్ళు. సాలవ్వ ఎవరో ఏమిటో అడగకుండా గరిటె వంచేది. గిన్నె పట్టుకున్న చేతిని చూస్తే పేరు గుర్తొచ్చేది.

అలాంటి పొయ్యికి ఎసరు పెట్టారు. కామారెడ్డిలో మిషన్లతో వండే పెద్ద వంటశాల ఒకటి పెట్టారట. అక్కడ వండి బండిలో బడులకు పంపుతారట. ఏ బడి వంట పరీక్షలో తప్పితే ఆ బడికి ముందుగా బండి వస్తుందట. అంతకు ముందు ఒకసారి నమూనాకని ఆ బండి వచ్చింది కూడా. బువ్వను కత్తితో కోయాల్సి వచ్చింది. సాంబారేమో గుంతల్లో ఎగిరెగిరి సగం మూతకే అంటుకుపోయింది. పిల్లలు మూతను నాకబోతే అనిల టీచర్ గుంజుకుంది. అనిల ఆ బడిలో సైన్సు చెప్పే టీచర్. కొత్తగా వచ్చింది, పప్పు విషయంలో అప్పుడే సాలవ్వ పార్టీలో చేరిపోయింది.

శుక్రవారం పొద్దెక్కాక దివాకర్ సారు మోటారుసైకిలు మీద వచ్చాడు. వెనుక సీటుకు నీలం డబ్బా, తాడుతో మేకపిల్లను కట్టినట్టు కట్టి ఉంది. సారు చెడ్డవాడేం కాదు. మొన్నటిదాకా మరుగుదొడ్లను ఫొటో తీసే పనిలో ఉన్నాడు. నిన్న ఈ పనికి మార్చారు. ఎల్లారెడ్డిలో ఒక పూట శిక్షణ ఇచ్చారు. అందులో సగం పొద్దు కరెంటు లేదు. మిగిలిన సగంలో చాయ్ వచ్చింది.

సారు వరండాలో బల్ల వేయించి సీసాలు పరిచాడు. ముందు అయోడిన్ తీసి బువ్వ మీద చుక్క వేశాడు. తెల్లటి మెతుకులు నల్లబడ్డాయి. అన్నం మీద మసి పూసేటోడు ఎట్లాంటి సారని పెద్దవ్వ సాలవ్వ చెవిలో గొణిగింది. దివాకర్ మాత్రం నవ్వాడు. నల్లబడితే పిండి పదార్థం ఉన్నట్టట. బువ్వలో పిండి ఉందని తెలుసుకోవడానికి మోటారుసైకిలేసుకుని రావాలా అని పెద్దవ్వకు అనుమానం. పైకి అనలేదు.

తర్వాత కొవ్వు పరీక్ష. వంకాయ కూరను కాగితం మీద రుద్దాలి. కాగితం అద్దంలా మెరిస్తే నూనె ఉన్నట్టు. డబ్బాలో కాగితం పెట్టలేదు. సారు జేబులు తడుముకుని పైవాళ్ళు సంతకం పెట్టిన తనిఖీ ఉత్తర్వునే తీసి కూర రుద్దాడు. సంతకం మెరిసింది. మిర్చి బజ్జీలు కట్టిన కాగితం కూడా గట్లనే మెరుస్తదని పెద్దవ్వ ఈసారి పైకే అనేసింది.

ఆఖరికి పప్పు. సాలవ్వ చెంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చి నిలబడింది. ఈ పరీక్ష కోసమే పొద్దున రోజుకంటే ఒక దోసెడు ఎక్కువ పోసి, మెత్తగా ఎనిపింది. ఇందులో ఓడిపోయేదేముంది. సారు పప్పు మీది తేట తీసి గాజుగొట్టంలో పోశాడు. ఒక సీసాలోని మందు చూపించి చెయ్యికి తగిలితే కాలుతుందని అందరినీ వెనక్కి జరిపాడు. ఆ మందు చుక్కలు చుక్కలుగా గొట్టంలో వేశాడు.

పసుపుపచ్చటి తేట ఎర్రబడింది.

కొంచెం గాదు. పెండ్లిపిల్ల ముందు తిప్పే పళ్ళెంలో ఎంత ఎరుపు ఉంటుందో అంత ఎరుపు. సారు కంగారుగా రెండో సీసాలోని నీలం మందు కూడా వేశాడు. ఎరుపు కాస్తా బురద ఎరుపు అయింది. డబ్బాతో వచ్చిన అట్ట మీద రెండే బొమ్మలున్నాయి. ఊదా రంగు వస్తే మాంసకృత్తులు ఉన్నట్టు. నీలం వస్తే లేనట్టు. ఎరుపు మాట లేదు. ఫోన్ తెరిచి చూశాడు. ఫోన్‌లో మూడో గడి ఉంది. ‘ఇతర రంగు: కల్తీ అనుమానం.’ సారు అటు చూశాడు, ఇటు చూశాడు, ఆ గడి నొక్కాడు. ఫోన్ ధన్యవాదాలు చెప్పింది. ఆ వెనుకే కామారెడ్డి నుంచి జవాబూ వచ్చింది. పప్పు వండిన గంజుకు ముద్ర వేయాలి. వంట నిలిపివేయాలి. సోమవారం నుంచి బండి వస్తుంది.

సారు ఆ జవాబును రెండుసార్లు చదివి వినిపించాడు.

“కల్తీనా సారు?” అంది సాలవ్వ. “నేనేం గలిపిన? జర చెప్పు. కందిపప్పు, నీళ్ళు, ఉప్పు, చెయ్యి. గింతే గదా నేను గలిపింది.”

సారు డబ్బాలోంచి అతుకుపట్టీ తీశాడు. గంజు మూత చుట్టూ దాన్ని చుట్టాడు. వరుసల్లో కూర్చున్న పిల్లలు ఖాళీ పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని, గంజుకు కట్టు కట్టడం చూస్తున్నారు. దెబ్బ ఎక్కడ తగిలిందని ఒకటో తరగతి పిల్ల అడిగింది.

పెద్దవ్వ ఈ గొడవప్పుడు బావి దగ్గర గరిటెలు తోముతోంది. వచ్చి చూసేసరికి అందరూ మొగాలు వేలాడేసుకుని ఉన్నారు. సాలవ్వ కండ్లలో నీళ్ళున్నాయి. బల్ల మీద గొట్టంలో ఎర్రనీళ్ళున్నాయి. పెద్దవ్వకు సంగతి ఒక్క చూపులో తెలిసిపోయింది. అంటే, ఆమెకు తెలిసిన సంగతి. వంటకు దిష్టి తగిలింది. ఈ సారు దిష్టి తీయడానికి వచ్చాడు. ఎర్రనీళ్ళు మంచిగనే కలిపాడు గానీ, తిప్పడం రాక బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. పట్నపోడు, ఎవరు నేర్పిస్తారు.

గొట్టం చేతిలోకి తీసుకుని దివాకర్ సారు మొగం చుట్టూ మూడుసార్లు తిప్పింది. గంజు చుట్టూ ఎందుకు తిప్పలేదని తర్వాత అడిగితే, అందరి కంటే సారే పాడైపోయి కనబడ్డాడని చెప్పింది.

“ఎల్లారెడ్డి కన్ను, కామారెడ్డి కన్ను, తొవ్వల చూసిన కన్ను, ఫోన్ల చూసిన కన్ను, అన్నీ పోవాలె,” అని గొణుగుతూ గేటు వైపు నడిచింది. చెయ్యి కాలుతుందని సారు అరిచాడు. పెద్దవ్వ వెనక్కి తిరగకుండానే, దిష్టంటే కాలుడే గద బిడ్డా అని, మూడు తొవ్వలు కలిసే చోట ప్రభుత్వ నమూనాను మట్టిలో పారబోసి, గొట్టం కడిగి తెచ్చి ఇచ్చింది.

సాలవ్వకు దిష్టి మీద నమ్మకం లేదు. అయినా కండ్లు మూసుకుని లోలోపల తన దేవునికి ఒక మాట చెప్పుకుంది. ఆ పూట ఎవరు ఏ దారిన వచ్చి ఆదుకున్నా కాదనే స్థితిలో ఆమె లేదు.

అనిల టీచర్ ఖాళీ గొట్టాన్ని ఒకసారి చూసి అడిగింది. “అవ్వా, ఎర్రనీళ్ళు ఎట్ల జేస్తరు?”

“గదేం అడుగుడు టీచరమ్మా,” అంది పెద్దవ్వ. “పసుపు నీళ్ళల్ల సున్నం గలిపితే ఎర్రగైతది. నీ పెండ్లికి తిప్పలేదా?”

అనిలకు చెవులు వేడెక్కాయి. కాగితానికి పసుపు పూసి, సబ్బునీళ్ళు వేసి, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని మొన్ననే ఏడో తరగతికి తనే చూపించింది. ఏడో తరగతి వరుస మొత్తం ఇప్పుడు ఆమె వైపే చూస్తోంది. సారు సీసాలోని మందు సున్నానికి పెద్దన్న లాంటి క్షారం. పప్పులో పసుపు ఉంది. ఇంకేముంది, కల్తీ లేదు, పాడు లేదు. సారు ఇంతసేపూ చేసింది పరీక్ష కాదు, దిష్టి నీళ్ళే.

దివాకర్‌కు అర్థమైంది. కానీ మెదడుకు అర్థమైనంత తొందరగా ఉద్యోగానికి అర్థం కాదు. ఎరుపు పసుపు వల్లనే వచ్చిందనుకుందాం, మాంసకృత్తులు ఉన్నాయని మాత్రం ఏమిటి నమ్మకం, ఊదా రంగు కనిపించలేదు కదా అన్నాడు. సాలవ్వ అతని మోటారుసైకిలు వైపు చూసింది. హ్యాండిలుకు అన్నం డబ్బా వేలాడుతోంది. అందులో ఏముందని అడిగింది. పెసరపప్పు అన్నాడు. కామారెడ్డిలో భార్య వండి పెట్టింది. దాన్ని కూడా పరీక్ష చేయమంది సాలవ్వ. సారు ఇది నిబంధనల్లో లేదన్నాడు. నిబంధనల్లో దిష్టి కూడా లేదు, తీయించుకోలేదా అని పిల్లల వరుసలోంచి ఎవరో అన్నారు.

పెసరపప్పు ఇంకా ఎర్రగా వచ్చింది. దివాకర్ భార్య పసుపు విషయంలో ధారాళం.

సారు ఆ గొట్టాన్ని సీసాల వెనక్కి జరిపాడు.

“సారు,” అంది సాలవ్వ, “సోమారం మీ ఇంటికి గూడ బండొస్తదా?”

ఇక మిగిలింది ఒకటే దారి. పసుపు లేకుండా పప్పు ఉడికించి, ఆ తేటను పరీక్ష చేయాలి. సంచిలో పప్పు అడుగుకు వచ్చింది. కొత్త సంచి రావాల్సిన రోజు దాటిపోయింది, అది వేరే నేరం, దాని సంగతి వేరే చెప్పుకోవాలి. సాలవ్వ గుప్పెడు పప్పు కడిగి చిన్న గిన్నెలో పొయ్యి మీద పెట్టింది. ఉప్పు లేదు, పసుపు లేదు, నూనె చుక్క లేదు. గొడ్డు కుడితి కూడా ఇంతకంటే మర్యాదగా ఉంటుందని ఆమె బాధ. ఆ బాధ అనిలకు చెప్పుకుంటూ పొయ్యి ఎగదోసింది. ఈ కట్టెల పొగలో కండ్లు పోగొట్టుకుంటే చివరకు కల్తీ పేరు మిగిలిందని చెప్పింది. చెప్తూ చెప్తూ ఉండగా నోరు అనిల దగ్గర ఉండిపోయింది, చెయ్యి పసుపు డబ్బా దగ్గరికి పోయి వచ్చింది. అనిల కెవ్వుమనేసరికి గిన్నెలో పప్పు బంగారంలా మెరుస్తోంది.

సాలవ్వ తన చేతిని తానే తిట్టుకుంది. ఇన్నేండ్లు తను చెప్పకుండానే పని చేసిన చెయ్యి, ఈ రోజు వద్దంటే వింటుందా.

రెండోసారి జాగ్రత్త పడ్డారు. పసుపు డబ్బాను పెద్దవ్వ చెంగులో దాచుకుని పొయ్యికి దూరంగా కూర్చుంది. సాలవ్వ ఇంకో గుప్పెడు పప్పు పెట్టింది. నురగ పొంగింది. పొంగగానే చెయ్యి అలవాటు చొప్పున గూటి మీదికి పోయింది. డబ్బా లేదు. చెయ్యి గూడంతా వెతికింది, తల తిప్పకుండా, గుడ్డిదానిలా. పెద్దవ్వ చూసి చూసి తట్టుకోలేకపోయింది. లేచి వచ్చి చిటికెడు పసుపు తీసి తనే గిన్నెలో వేసి కలియబెట్టింది.

“పాపం, ఎతుకుతున్నవ్ గదా అని,” అంది, అందరూ తన వైపు చూస్తుంటే.

సంచిలో ఇక పప్పు లేదు. సంచిని బోర్లించి దులిపి, మూలలు చింపి, కుట్లలో ఇరుక్కున్న బద్దలను అనిల గోళ్ళతో గీకి తీసింది. అరచెయ్యి నిండలేదు. ఇది కూడా పోతే సాలవ్వ మాటకు ఆధారం ఉండదు. వంటవాళ్ళిద్దరినీ వరండాలో కూర్చోబెట్టి, చేతులు తొడల కింద పెట్టుకొమ్మని అనిల ఆజ్ఞ వేసింది. పొయ్యి దగ్గరికి దివాకర్ సారే పోయాడు. సారు జీవితంలో గరిటె పట్టడం అదే మొదలు. ఫోన్ పట్టుకున్నట్టు రెండు బొటనవేళ్ళతో పట్టుకున్నాడు. పొగ మింగాడు, దగ్గాడు, ఏడ్చాడు. మంట ఆర్పి మళ్ళీ వెలిగించాడు. తలుపు దగ్గర సాలవ్వ ప్రాణం గిలగిలలాడింది. కలబెట్టు సారు, గట్లగాదు, అడుగు పడుతది అని చెప్తూనే ఉంది. చేతులు మాత్రం కదపలేదు.

ఉడికిన పప్పు శవంలా పాలిపోయి ఉంది. తేట తీసి చల్లార్చి గొట్టంలో పోశారు. మొదటి మందు వేశారు. ఎర్రబడలేదు. నీలం మందు చుక్క వేసి గొట్టాన్ని ఊపారు. చాలాసేపు ఏమీ కానట్టే ఉండి, తర్వాత మెల్లగా, లేతగా రంగు దిగింది.

“వంకాయ పువ్వు,” అన్నారు పిల్లలు ఒక్కసారిగా.

ఊదా రంగు. అట్ట మీద ఉన్న బొమ్మకు అచ్చం కవలపిల్ల. సాలవ్వ తొడల కింది నుంచి చేతులు తీసి మొగం కప్పుకుంది. దివాకర్ ఆమె కంటే ఎక్కువ ఎగిరాడు. తను వండిన మొదటి పప్పు పాసయింది మరి.

ఫొటో తీసి ఫోన్‌లో పెట్టబోయాడు. ‘ఈ రోజు నమోదు పూర్తయింది’ అంది ఫోన్. ఇంకోసారి నొక్కాడు. అదే మాట. కామారెడ్డికి ఫోన్ చేశాడు. అవతలి మనిషి, ఫోన్‌లో ఏ రంగు పడితే అదే రంగన్నాడు. తను కండ్లారా చూశానని దివాకర్ గట్టిగానే చెప్పాడు. కండ్లారా చూసిందాన్ని పెట్టడానికి ఫోన్‌లో గడి లేదని జవాబొచ్చింది. దిష్టి తీసినా ఈ ఫోన్‌కు తగ్గలేదని పెద్దవ్వ పెదవి విరిచింది.

దివాకర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గంజు దగ్గరికి పోయి, తను వేసిన ముద్రను తనే చింపాడు. పిల్లలకు వడ్డించమన్నాడు. తను కూడా రెండో తరగతి వరుస చివర పళ్ళెం పట్టుకుని కూర్చుని, గరిటె నిలబడే ఆ పప్పును మారు అడిగి తిన్నాడు. తింటూ, పైవాళ్ళకు చెప్తానన్నాడు. చెప్పాడు కూడా. విన్నవాడు లేడు.

అందుకే సోమవారం పొద్దున్నే సాలవ్వ మూడు పొయ్యి రాళ్ళు తెచ్చి సరిగ్గా బడి గేటు నడుమ పెట్టింది. ఊరు ఇంటికో గ్లాసెడు చొప్పున పప్పు ఇచ్చింది. యాకూబు కట్టెలు మోశాడు. మిషను బువ్వ బండి వచ్చి ఆగింది. ముందుకు పోవాలంటే పొయ్యి మీది నుంచి పోవాలి. డ్రైవరు హారన్ కొట్టాడు. సాలవ్వ పప్పులో పసుపు వేసింది, ఈసారి చెయ్యికి తోడు తను కూడా ఇష్టపడి వేసింది. పోపు వాసన బండి అద్దాల్లోంచి లోపలికి పోయింది. కొంచెంసేపటికి డ్రైవరు దిగి, తన బండిలోని సాంబారును అట్లనే వదిలేసి, పళ్ళెం అడిగాడు.

ఇది రాసేనాటికి ఆ పొయ్యి గేటులోనే ఉంది. ఆ బండి రోజూ వచ్చి రోజూ ఆగుతోంది. డ్రైవరు రోజూ తింటున్నాడు.

కాబట్టి వినండి. సాలవ్వ పేరు పక్కన మీ ఫోన్‌లో పడ్డ ఆ ఎరుపును ఈ రోజే తుడవండి. రేపు కాదు. ఆ మూడో గడిని తీసి పారెయ్యండి. పసుపు వేయని తేటతోనే పరీక్ష చేయాలని ప్రతి డబ్బాలో తెలుగులో, కనబడే అక్షరాలతో అచ్చు వేయండి, కూర రుద్దడానికి ఒక కాగితం ముక్క కూడా పడెయ్యండి. రావాల్సిన రోజు దాటిపోయిన పప్పు సంచి పంపండి. బండి వెనక్కి పిలవండి, లేకపోతే డ్రైవరు లావైపోతాడు. ఇక మీదట ఏ సారైనా సరే, గొట్టం ముంచే ముందు పిల్లల వరుసలో కింద కూర్చుని ఒక పళ్ళెం తినాలి. గేటులోని పొయ్యిని మళ్ళీ వంటగదిలోకి మోసుకుపోవడానికి సాలవ్వ ఎదురు చూస్తోంది. రాళ్ళు వేడిగా ఉన్నాయి, వచ్చి మీరే మొయ్యండి.